ఎస్ఎస్ఎన్ (అమెరికా ప్రభుత్వమిచ్చే సోషల్ సెక్యూరిటీ నంబరు) అడిగితే ఇవ్వాలా? అమెరికా లెక్క వేరు, జర్మనీ లెక్క వేరు

యూరప్‌లో 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే వ్యక్తిగత వివరాల రక్షణ చట్టం బ్యాంకుకీ, కాలేజీకీ, కిరాణా యాప్‌కీ ఒకేలా వర్తిస్తుంది. మీరు ఏ వీసా మీద వెళ్లారన్నది లెక్కలోకి రాదు. మీ గురించి ఏమేం దాచుకున్నారో కాపీ ఇమ్మంటే నెలలోపు, ఉచితంగా ఇవ్వాలి. చిక్కు వ్యవహారమైతే ఇంకో 2 నెలలు పడుతుంది.

అమెరికాలో అలాంటి ఉమ్మడి చట్టం లేదు, రంగానికొకటి. హిపా అనే చట్టం ఆసుపత్రులకీ ఆరోగ్య బీమాకీ ఉంది గానీ, మీ అడుగులు లెక్కపెట్టే యాప్‌ను మామూలుగా పట్టించుకోదు. చదువు రికార్డులకు ఫెర్పా అనే చట్టం ఉంది. అబ్బాయి మార్కులెన్నని గుంటూరు నుంచి నాన్నగారు ఫోన్ చేస్తే, ఫీజు ఆయనే కట్టినా సరే, అబ్బాయి సంతకం లేనిదే సాధారణంగా చెప్పరు. అదే యూనివర్సిటీ మీ పేరు, ఈమెయిల్, ఫోన్ నంబరు మాత్రం 'డైరెక్టరీ సమాచారం' కింద బయటికి ఇచ్చేయవచ్చు. వద్దనుకుంటే రిజిస్ట్రార్ ఆఫీసులో ముందే చెప్పాలి.

ఇక ఇంటి ఓనరు ఎస్ఎస్ఎన్ అడగకూడదనే ఫెడరల్ చట్టమేదీ లేదు. మీరు ఇవ్వనంటే ఆయన ఇల్లివ్వననొచ్చు. ఆఫర్ లెటర్, ఎక్కువ డిపాజిట్ సరిపోతాయా అని ముందు అడగండి. తప్పదంటే వాళ్ల పోర్టల్‌లోనే నింపండి, కార్డు ఫోటో వాట్సాప్‌లో పంపకండి.

అసలు రక్షణ క్రెడిట్ ఫ్రీజ్, అంటే మీ పేరు మీద ఇంకొకరు కొత్త అప్పు తీసుకోకుండా మీ క్రెడిట్ ఫైలుకు (అప్పుల చరిత్రకు) తాళం వేయడం. 2018 సెప్టెంబరు నుంచి ఉచితం. ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు క్రెడిట్ బ్యూరోలలోనూ విడివిడిగా పెట్టాలి, ఒకదానిలో పెట్టి ఊరుకుంటే దొంగకు మిగతా రెండు తలుపులు తెరిచినట్టే. ఆన్‌లైన్‌లో అడిగితే ఒక పనిదినంలో పెట్టాలి, తీయమంటే గంటలో తీయాలి. కొత్తగా దిగినవాళ్లకు క్రెడిట్ ఫైలే ఉండదు కనుక ఆన్‌లైన్ గుర్తింపు దగ్గర ఆగిపోవచ్చు. అప్పుడు పత్రాలు పోస్టులో పంపాలి. కారు లోన్‌కు వెళ్లేముందు వాళ్లు ఏ బ్యూరో చూస్తారో కనుక్కుని, అక్కడ మాత్రం ఫ్రీజ్ ఎత్తితే చాలు.

కాలిఫోర్నియాలో ఉంటే కాస్త నయం. పెద్ద కంపెనీలను మీ వివరాలు తుడిచేయమని, అమ్మొద్దని అడగవచ్చు. తుడిచేయమన్న అర్జీకి 45 రోజుల్లో జవాబివ్వాలి.

జర్మనీ వెళ్లేవాళ్లు షూఫా (అక్కడి క్రెడిట్ బ్యూరో) దగ్గర జాగ్రత్త. ఉచితంగా వచ్చేది 'డాటెన్‌కోపీ', అంటే మీ గురించి వాళ్ల దగ్గరున్న వివరాల కాపీ. సైటులో డబ్బులు కట్టే సర్టిఫికెట్టే ముందు కనబడుతుంది. డాటెన్‌కోపీని ఓనరుకు యథాతథంగా ఇవ్వకండి, అందులో మీ బ్యాంకు ఖాతాలు, అప్పుల చిట్టా ఉంటాయి. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడే జీతం స్లిప్పులు అడగడం అక్కడ సరికాదు, మొహమాటపడి ఇచ్చేయకండి.

ఊళ్లో కన్సల్టెన్సీకి ఇచ్చొచ్చిన పాస్‌పోర్టు, మార్కుల మెమోల సంగతి? మన డిజిటల్ డేటా చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, కంపెనీల ముఖ్య బాధ్యతలకు 18 నెలల గడువుంది. అది కూడా డిజిటల్ వివరాలకే, బీరువాలో పడున్న జిరాక్సులకు కాదు. అందుకే ఇచ్చే ప్రతి జిరాక్సు మీద ఫలానా పనికి మాత్రమే అని, తేదీతో, అడ్డంగా రాసి సంతకం పెట్టండి.