తొలిసారి ఫర్నేస్ వేసేటప్పుడు మామగారి మాటా, మీ ఆయన మాటా?

“అన్నా, నమస్తే. మాది తిరుపతి, కొర్లగుంట. మా ఆయన మిషిగన్‌లో విడి ఇల్లు తీసుకున్నాడు. అత్తామామలతో కలిసి వచ్చే నెల నేనూ పోతున్నా. ఇల్లు వెచ్చబెట్టేది గ్యాస్ ఫర్నేసంట, బేస్‌మెంట్‌లో ఉందంట. ఇల్లు కొన్నాక ఇంతవరకూ దాన్ని వేయలేదు. మామగారు వీడియో కాల్‌లో చూసి ‘గ్యాసుతో ఆటలొద్దు, తెలిసిన మనిషిని పిలిపించు’ అంటున్నారు. ఈయనేమో వీడియోలు చూసి నేనే చేసుకుంటానంటాడు. ఎవరి మాట వినాలి?”

ముందు మామగారి మాట వినండమ్మా, తర్వాత మీ ఆయన మాట.

కొత్తగా కొన్న ఇంట్లో ఆ యంత్రం వయసెంతో, లోపల ఏం జరిగిందో మనకు తెలీదు. తొలిసారి లైసెన్సు ఉన్న టెక్నీషియన్ చేతులమీదుగానే మొదలు కావాలి. ఊరికే వేసి చూపించి పోతే సరిపోదు. గ్యాస్ ప్రెషర్ కొలవమనండి. లోపలికి పోయే గాలికీ బయటికి వచ్చే గాలికీ వేడిలో తేడా ఎంతుందో, అది యంత్రం మీది ప్లేటులో రాసిన హద్దుల్లో ఉందో లేదో చూడమనండి. మంట వేడిని ఇంటి గాలికి అందించే లోహపు భాగం, అంటే హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో పగుళ్లున్నాయేమో, పొగగొట్టంలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఎంత వస్తోందో కూడా చూసి కాగితం మీద రాసిమ్మనండి. ఊరికి దూరంగా ఉండే ఇళ్లకు పైపు గ్యాసు ఉండదు, పెరట్లో ప్రొపేన్ ట్యాంకు ఉంటుంది. పైపు గ్యాసుకు అమర్చిన యంత్రాన్ని ప్రొపేన్‌తో కాల్చకూడదు, దానికి వేరే విడిభాగాలు కావాలి. మీటరు దగ్గర గ్యాసు కట్టేసి ఉంటే మాత్రం గ్యాస్ కంపెనీ మనిషే వచ్చి తెరవాలి. మీ ఆయన్ను అక్కడ స్పానర్ పెట్టొద్దనండి.

ఇక మీ ఆయన పని. ఫర్నేస్ పక్కనే మామూలు లైటు స్విచ్చిలాంటిది ఒకటి ఉంటుంది, దానికి కరెంటు అదే. బేస్‌మెంట్‌లో లైటనుకుని దాన్ని ఆపేసి, రాత్రంతా చలికి వణికినవాళ్లు మనవాళ్లలో చాలామంది. గ్యాసు పైపు మీది పిడి పైపు వెంబడే ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. ఫిల్టర్ కొత్తది పెట్టాలి. దాని అంచు మీది బాణం గుర్తు బ్లోయర్ వైపు, అంటే ఇంట్లోకి గాలి తోసే పెద్ద ఫ్యాన్ వైపు చూడాలి. సైజు పాత ఫిల్టర్ మీదే రాసి ఉంటుంది. ఫిల్టర్ ఎంత సన్న దుమ్మును పడుతుందో చెప్పేది మెర్వ్ నంబరు. అది ఎంత ఎక్కువైతే అంత మంచిదని పెద్ద నంబరుది కొనొద్దు, గాలి ఆడక యంత్రం వేడెక్కి ఆగిపోతుంది. తలుపు పలక సరిగ్గా బిగించకపోతే ఫర్నేస్ కదలదు, దాని వెనక ఒక చిన్న స్విచ్చి ఉంటుంది. ఆ స్విచ్చికి టేపు చుట్టి నడిపించే తెలివి ఎవరు చెప్పినా వినొద్దు.

ఇప్పుడు ఇంటి వేడిని సెట్ చేసే థర్మోస్టాట్‌ను ‘హీట్’లో, ఫ్యాన్‌ను ‘ఆటో’లో పెట్టి, గదిలో ఉన్న వేడికన్నా నాలుగైదు డిగ్రీలు ఎక్కువ పెట్టమనండి. పెట్టి కిందికి పోయి నిలబడి వినాలి. ఇప్పటి ఫర్నేసుల్లో మొదట ఒక చిన్న మోటారు గుయ్యిమంటుంది, లోపల మిగిలిన గాలిని గొట్టంలోంచి బయటికి తోసేది అదే. కాసేపటికి బర్నర్ల దగ్గర మంట ముట్టించే ఇగ్నైటర్ నారింజ రంగుకు తిరుగుతుంది. చిన్న అద్దం కిటికీ ఉంటే అందులోంచి కనిపిస్తుంది. అది బాగా ఎర్రబడ్డాకే గ్యాసు వాల్వు టక్కుమంటుంది, మంట ఒక బర్నర్ నుంచి పక్కదానికి వరసగా పాకుతుంది. పెద్ద బ్లోయర్ తిరిగేది ఇంకో అరనిమిషానికో నిమిషానికో. అంతదాకా గాలి రాలేదని గాబరా వద్దు, లోపలి లోహం ముందు వేడెక్కాలి. మంట నీలంగా, నిలకడగా ఉండాలి. పసుపు రంగులో, బద్ధకంగా ఊగుతుంటే ఆపేసి ఫోన్ చేయండి. తొలి గంటలో దుమ్ము కాలిన వాసన వస్తుంది, అది మామూలే. కిటికీ కాస్త తెరిస్తే పోతుంది.

ఈ వరస మధ్యలో తెగితే యంత్రమే గ్యాసు కట్టేసుకుని కాసేపాగి మళ్లీ ప్రయత్నిస్తుంది. కొన్నిసార్లకీ కుదరకపోతే లాకౌట్ అవుతుంది, అంటే ఇక ప్రయత్నించకుండా ఆగిపోతుంది. లోపలి బోర్డు మీద ఒక చిన్న దీపం ఆగి ఆగి మెరుస్తుంది. ఎన్నిసార్లు మెరిసిందో లెక్కపెట్టి, తలుపు లోపలి వైపున్న పట్టికలో చూసి, టెక్నీషియన్‌కు అదే చెప్పండి. స్విచ్చి ఒకసారి ఆపి వేస్తే తప్పులేదు. పదే పదే వేయడం మాత్రం వద్దు, కాపాడటానికి ఆగినదాన్ని బలవంతంగా నడిపినట్టవుతుంది. ఎప్పుడూ వెలిగే పైలట్ దీపం ఉన్న పాత రకమైతే, ఆరిపోయాక గ్యాసు మూసి కనీసం ఐదు నిమిషాలాగి, వాసన లేదని చూసుకున్నాకే మళ్లీ ముట్టించాలి. గ్యాసు మీటను చేత్తోనే తిప్పాలి. తిరగకపోతే కటింగ్ ప్లేయర్ తేవద్దు.

మామగారి భయం గ్యాసు వాసన గురించి కదా. నిజానికి వాసన వచ్చేదే మనకు మేలు. పైపు గ్యాసుకు స్వతహాగా వాసన ఉండదు, పసిగట్టడానికే మన సిలిండరులో లాగా కుళ్లిన గుడ్ల వాసన కలుపుతారు. తేడా ఒకటుంది. మన సిలిండరు గ్యాసు, ప్రొపేను బరువైనవి, నేల మీద పరుచుకుంటాయి. పైపు గ్యాసు తేలిక, పైకి పోతుంది. అందుకే ఫర్నేస్ చుట్టూ కూడా, నేల దగ్గర కూడా వాసన చూడాలి. వచ్చిందంటే లైటు వేయొద్దు, ఆపొద్దు, లోపల ఫోన్ ముట్టుకోవద్దు. పెద్దవాళ్లను తీసుకుని బయటికి నడిచి, దూరం నుంచి అక్కడి అత్యవసర నంబరు 911కో గ్యాస్ కంపెనీకో ఫోన్ చేయండి.

నేను భయపడేది వాసన లేని కార్బన్ మోనాక్సైడ్‌కు. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, బయటికి పోతే తగ్గటం దాని గుర్తులు. పెద్దవాళ్లు ప్రయాణం బడలిక అనుకుని పడుకుంటారు, ప్రమాదం అక్కడే. ప్రతి అంతస్తులో, పడకగదుల బయట అలారం ఉండాలి. ఇక్కడ మన వంటింటి చిక్కొకటుంది. ఎండుమిర్చి తాలింపు పెట్టగానే పొగ అలారం మోగుతుంది, విసుగొచ్చి బ్యాటరీ పీకేస్తారు. చాలా ఇళ్లలో రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి, బ్యాటరీ పీకితే రెండూ పోతాయి. పొగకు మూడేసి కూతలు, కార్బన్ మోనాక్సైడ్‌కు నాలుగేసి. అత్తగారికి ఇది వినిపించి చెప్పండి. తాలింపుకు చిమ్నీ ఫ్యాన్ వేస్తే సరి.

బేస్‌మెంట్ చల్లగా, ఖాళీగా కనిపిస్తే మనవాళ్లు బియ్యం మూటలు, అట్టపెట్టెలు, ఆరేసిన చీరలు అక్కడికే చేరుస్తారు. ఫర్నేస్ చుట్టూ చోటు ఖాళీగా వదలండి, పెయింటు డబ్బాలు, పెట్రోలు అసలే వద్దు. వేడి చాలడం లేదని గ్యాసు పొయ్యి వెలిగించి పెట్టొద్దు, బొగ్గుల కుంపటి లోపలికి తేవద్దు. గోడలోంచి రెండు తెల్ల ప్లాస్టిక్ పైపులు బయటికి వచ్చి ఉంటే, ఒకటి గాలి పీల్చేది, ఇంకొకటి పొగ వదిలేది. మంచు పడినప్పుడు వాటి నోళ్లు మూసుకోకుండా తవ్వాలి. కారు అద్దం తుడవడం తర్వాత చూసుకోవచ్చు.

ఇంట్లో మనుషులున్నప్పుడు 68 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మన 20 సెల్సియస్, చాలామందికి చాలు. వైకుంఠ ఏకాదశికో సంక్రాంతికో తిరుపతి వస్తారు కదా, అప్పుడు బిల్లు మిగులుతుందని ఫర్నేస్ ఆపేయొద్దు. నీళ్ల పైపులు గడ్డకట్టి పగులుతాయి. 55 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర పెట్టి, నీళ్ల మెయిన్ వాల్వు కట్టేసి, తాళం నమ్మకమైన పక్కింటివాళ్లకిచ్చి రండి. మంచు పడ్డ రోజు గోడ బయటి ఆ ప్లాస్టిక్ పైపులు ఒకసారి చూడమని వాళ్లకు చెప్పి రావాలి.