గడప దగ్గర నాన్న కాళ్లు ఆగిపోతున్నాయి

ప్రశ్న: మా నాన్నకి 68, నాలుగేళ్లుగా పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు), దానికి లెవోడోపా మాత్రలు వాడుతున్నాడు. హాల్లో బాగానే నడుస్తాడు గానీ గడప దగ్గరకి రాగానే కాళ్లు నేలకి అతుక్కుపోయినట్టు నిలబడిపోతాడు, చెయ్యి పట్టుకుని లాగితే పడబోతాడు. మాట కూడా గొంతులోనే ఉండిపోతోంది. ఫిజియోథెరపీతో ఏమన్నా ఉపయోగం ఉంటుందా అండీ?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు ఆ లాగడం ఆపేయండమ్మా. దీన్ని ఫ్రీజింగ్ అంటారు, అది మొండితనం కాదు, అడుగెయ్యమని మెదడు చెప్పేది కాళ్లకి టైముకి అందట్లేదంతే. గడపకి ఇటూ అటూ రంగు టేపుతో అడుగు దూరానికో అడ్డగీత అంటించి, "ఆ గీత దాటు నాన్నా" అనండి, విచిత్రంగా చాలామందికి కాలు లేస్తుంది, కొందరికి ఒకటీ రెండూ అని లెక్కపెట్టినా చాలు. ఫిజియోథెరపీ తప్పకుండా ఉపయోగమే, కాకపోతే పార్కిన్సన్స్ పేషెంట్లని చూసిన అనుభవం ఉన్నవాళ్లని వెతుక్కోండి, ఇంట్లో కూడా రోజూ చేయించాలి. గొంతుకి స్పీచ్ థెరపీ ఉంది, గట్టిగా మాట్లాడటం ప్రాక్టీస్ చేయిస్తారు, నీళ్లు తాగేటప్పుడు పొలమారుతుంటే అదీ వాళ్లకే చెప్పండి.

ఇంకోటి, మాత్ర అన్నంతో పాటు ఇస్తున్నారా? పప్పు, పెరుగు, గుడ్డులో ఉండే ప్రొటీన్ ఆ మందుని సరిగ్గా ఒంటికి పట్టనివ్వదు, అందుకని కడుపులో తిప్పకపోతే తినడానికి అరగంట ముందు వేసి చూడండి. పప్పు మానిపించక్కర్లేదు. ఎవరో చెప్పారని దూలగొండి పొడి మాత్రం మీ అంతట మీరు కలపొద్దు, అందులోనూ లెవోడోపానే ఉంటుంది, డోసు ఎక్కువైపోతుంది.