సంవత్సరీకం రోజున కుక్కను ఇంట్లో ఉంచవచ్చా?

సైన్యంలో ప్రాణాలు పోగొట్టుకున్న మీ తమ్ముడి మొదటి సంవత్సరీకానికి బంధువులంతా వస్తున్నారు, కుక్కను ఆ రెండు రోజులూ ఎక్కడైనా వదిలిరమ్మంటున్నారు, అమ్మ మాత్రం దాన్ని పంపనంటోంది, ఏం చేయాలి అని అడిగారు. ఉంచండి. కర్మ జరిగి, పోయినవాళ్ల పేర భోజనానికి కూర్చున్న భోక్తలు లేచేవరకు పెరట్లో కట్టేస్తే చాలు.

మా అన్నయ్య 1999లో కార్గిల్ యుద్ధంలో ద్రాస్ వైపు పోయాడు. ఆ యుద్ధం మొత్తంలో మనవాళ్లు 527 మంది పోయారు. మా ఇంట్లో అన్నయ్యను తలుచుకునే రోజులు రెండు. ఒకటి జ్యేష్ఠంలో వచ్చే తిథి. రెండోది జులై 26, కార్గిల్ విజయ దినం, ఊరు చేసేది. బడిపిల్లలు వస్తారు, విగ్రహానికి దండ వేస్తారు, అమ్మను వీరమాత అంటూ శాలువా కప్పుతారు, గంటలో అయిపోతుంది. అమ్మకు కష్టమైనది తిథే. ఆ ముందు రోజు ట్రంకు పెట్టె తీయాలి.

నల్ల పెట్టె, మూత మీద తెల్ల పెయింటుతో పేరు, నంబరు. బట్టలు ఎండలో వేసి, మళ్లీ మడతపెట్టి, కలరా ఉండలు మార్చి మూసేది. అంతసేపూ ఇంట్లో ఎవరం నోరు విప్పేవాళ్లం కాదు. తాను ఏడిస్తే మేం తట్టుకోలేమని అమ్మ భయం. ఏడవడం లేదే అని మా భయం.

2012లో టామీ వచ్చింది. ఊళ్లో సగం కుక్కల పేరు అదే. నాటు కుక్క, ఒక చెవి నిలబడదు. అన్నయ్య పోయిన పదమూడేళ్లకు వచ్చింది కనుక, వాసన పట్టి కన్నీరు కార్చిందనే కథలు నా దగ్గర లేవు. ఎండకు వెచ్చబడ్డ ఊలు స్వెట్టరు కనబడితే ఎక్కి ముడుచుకుని పడుకుంది, అంతే. నేను అదిలించబోతే అమ్మ వద్దంది. "మీ అన్నయ్యదే ఇది" అని దానితో మొదలుపెట్టింది. మోచేతి దగ్గర ఎందుకు చిరిగిందో, సెలవుకు వస్తే బస్సు దిగీ దిగకముందే పెరుగన్నం ఎలా అడిగేవాడో, ఆఖరి ఉత్తరంలో డబ్బు లెక్క ఎక్కడ తప్పాడో. తలుపు పక్కన నిలబడి విన్నాను. ఆ లెక్క సంగతి నాకూ తెలియదు. మాకందరికీ అన్నయ్య గురించి తెలుసు కదా అని అమ్మ మాకెప్పుడూ ఏమీ చెప్పలేదు. తెలియని ప్రాణి ఇంట్లో టామీ ఒక్కటే.

ఢిల్లీలో 2019లో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకానికి అమ్మను తీసుకెళ్లాం. గ్రానైటు పలక మీద అన్నయ్య పేరును వేలితో తడిమింది, ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా అరుగు మీద కూర్చుని అదంతా టామీకి చెప్పింది.

ఇక బంధువుల అభ్యంతరం. భోక్తలు తింటుండగా కుక్క చూడకూడదని మనుస్మృతిలో ఉన్నమాట నిజమే. కాదని వాదించకండి. రోజూ తినేముందు వండినదాంట్లో దేవతలకూ ప్రాణులకూ భాగం తీసే వైశ్వదేవంలో కుక్కకూ ఒక ముద్ద వేయమన్నది కూడా అందులోనే. మా పురోహితుడు ఆ మాట అనేసరికి మా మేనత్త ఊరుకుంది. ఆయన ధర్మరాజు కథ ఎత్తుకోలేదు, సంతోషం.

పరమాన్నంలో కిస్‌మిస్ వేస్తే కుక్కకు పెట్టవద్దని పిల్లలకు ముందే చెప్పండి. దానికది విషం. బ్యూగిల్ ఊదే కార్యక్రమం ఉంటే కాస్త దూరంగా ఉంచండి. ఒక జులైలో బ్యూగిల్ వినగానే మా టామీ మెడ ఎత్తి ఊళ పెట్టింది. అపశకునమన్నట్టు జనమంతా తిరిగి చూశారు. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. విగ్రహం దగ్గర ఆవిడ నవ్వగా చూడటం అదే మొదటిసారి.

మీ ఇంట్లో అసలు కష్టం బంధువులు రైలెక్కాక, ఆ రాత్రి మొదలవుతుంది. అమ్మ మంచం పక్కన దానికో పాత దుప్పటి పరచండి. మీరు మాత్రం పక్క గదిలో పడుకోండి.