కొత్త సీటులో కూర్చోబోయే బిడ్డకు

బిడ్డా,

కమలాపూర్ తహసీల్ ఆఫీసుల జూనియర్ అసిస్టెంటుగా చేరుతున్నవని మీ నాయిన చెప్పిండు. మస్తు సంబురమైంది. ఆ వెనుకనే బుగులు కూడా పట్టుకున్నది.

మీ ఇంట్ల జీతం, హెచ్చార్ఏ (ఇంటి కిరాయి భత్యం) లెక్కలు మొదలైనయట. జీతం తక్కువైతే కొలువు మీద విసుగు పుడుతది గని, పెరిగినంత మాత్రాన ఇష్టం పుట్టదు. 1959లనే హెర్జ్‌బర్గ్ అనే పరిశోధకుడు ఇంజినీర్లను, అకౌంటెంట్లను అడిగి ఈ మాట తేల్చిండు. సర్కారు కొలువుల మనసు విరిగేది ఇంకోలు చేసిన తప్పుకు నువ్వు మెమోలకు జవాబు రాసుకుంట కూసున్నప్పుడు.

అందుకే చార్జీ తీసుకునే రోజు, అంటే ఆ సీటుల ఇదివరకున్నాయన ఫైళ్లు, సామాను నీకు అప్పజెప్పే రోజు, జాగ్రత్త. "సంతకం పెట్టమ్మా, తర్వాత చూసుకుందాం" అంటరు. పెట్టకు. పర్సనల్ రిజిస్టర్ల (నీ సీటుకొచ్చిన ఫైళ్లు ఎక్కించే పుస్తకంల) పెండింగు ఉన్న ప్రతి ఫైలు బీరువాల ఉన్నదో లేదో ఒక్కొక్కటి చూడు. రసీదు పుస్తకాల ఆకులు లెక్కపెట్టు. వాడిన ఆకుల మొత్తం క్యాష్‌బుక్‌తోటి కలవాలె. స్టాకు రిజిస్టర్ల కంప్యూటరు ఉంటే బల్ల మీద కూడ ఉండాలె. కోర్టు కేసుల ఫైళ్లు విడిగా రాసుకో, కోర్టుకు కౌంటరు (మన తరఫు జవాబు) వేసే గడువు దాటితే నిన్నే అడుగుతరు. దొరకనివి చార్జీ లిస్టులనే "అందలేదు" అని రాయి. అదే రోజు తహసీల్దారుకు లెటరిచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకో, నకలు ఇంట్ల పెట్టు. ఆడిట్ వాళ్లు ఏండ్ల తర్వాత వస్తరు. అప్పటికి పాతాయన బదిలీ మీదనో, రిటైరయ్యో పోయి ఉంటడు. కాగితం మీద ఉన్నది నీ సంతకమే. పోయినదాని పైసలు రికవరీ అని నీ జీతంలకెల్లే కోస్తరు. మొహమాటానికి పోయి మంచి పిల్లలు ఇట్లనే చిక్కుకుంటరు, తల్లీ. నీకసలే మొహమాటమెక్కువ.

మిగిలినయి చిన్నయే. సీపీఎస్ (నీ జీతంలకెల్లి కొంత కోసి జమ చేసే పింఛను) కోసం ప్రాన్ నంబరు, అంటే పింఛను ఖాతా నంబరు, తొందరగ తీసుకో, నామినీ రాయి. నీ కొలువు వివరాలన్నీ ఎక్కించే సర్వీసు రిజిస్టరు ఏడాదికోసారి అడిగి చూడు. డిపార్ట్‌మెంటల్ పరీక్షలు ప్రొబేషన్‌లనే రాసెయ్యి. ప్రొబేషన్ తీరాల్నంటే మూడేండ్లల్ల రెండేండ్ల డ్యూటీ నిండాలె, పొడుగు సెలవు పెడితే అది వెనక్కి జరుగుతది.

ఇంకొకటి. కులం సర్టిఫికెట్ కోసమో, పహాణీ నకలు కోసమో వచ్చిన ముసలాయనను "రేపు రా" అనకు. ఏ కాగితం తక్కువైందో, ఎన్నడు రావాల్నో చీటీ మీద రాసియ్యి. ఆయనకు రెండోసారి బస్సు కిరాయి తప్పుతది. పొద్దుగూకి ఇంటికొచ్చినంక ఇవాళ ఏం చేసిన అని నిన్ను నువ్వు అడుగుకుంటే చెప్పుకోవడానికి గసొంటి పనే మిగులుతది. సీటు మీద పని కట్టలు కట్టలుగ పేరుకుంటే ఆ ఓపిక కూడ పోతది, అందుకే ఏ రోజు వచ్చిన తపాలు (ఉత్తరాలు, అర్జీలు) ఆ రోజే రిజిస్టర్ల ఎక్కించు.

చార్జీ లిస్టు చేతికియ్యంగనే నాకు ఫోన్ చెయ్యి. ఒక్కో లైను చదువు, ఇద్దరం చూద్దాం. పొద్దంత పట్టినా సరే, ఆ తర్వాతనే సంతకం.

మీ పెద్దబాపు