పస్ సెల్స్ ఉన్నాయి, కల్చర్‌లో ఏమీ రాలేదు, స్కానింగ్ నార్మల్. దేన్ని నమ్మాలి?

మీ నాన్నగారికి మూత్రంలో మంట, కుడి పక్క నొప్పి. యూరిన్ టెస్టులో పస్ సెల్స్ (చీము కణాలు) 15–20, కల్చర్‌లో (మూత్రంలో క్రిములున్నాయేమో పెంచి చూసే పరీక్ష) ఏమీ పెరగలేదు, స్కానింగ్‌లో (అల్ట్రాసౌండ్) రాయి లేదు. ఏది తప్పు అని అడిగారు. మూడూ కరెక్టే అయ్యుండొచ్చండి. పోయిన ఎండాకాలం నాకూ అచ్చం ఇట్లాంటి రిపోర్టులే వచ్చాయి. నేను డాక్టర్ను కాను, పడ్డ తిప్పలు చెప్తున్నాను.

మాది దేవరకొండ దగ్గర పల్లె. మా దిక్కు నడుము నొప్పంటే అందరూ ఫ్లోరైడ్ నీళ్ల మీదికే నెట్టేస్తారు, నేనూ అట్లే పది రోజులు ఊరుకున్నాను. మంట మొదలయ్యాక ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన యాంటీబయాటిక్ రెండు రోజులు మింగి, అప్పుడు కల్చర్‌కు బయలుదేరాను. పొద్దున ఆరింటికి ఇంట్లో పట్టిన శాంపిల్ సంచిలో పెట్టుకుని బస్సెక్కితే, నల్గొండలో ల్యాబ్‌కు చేరేసరికి తొమ్మిదిన్నర. మే నెల, డబ్బా వెచ్చగా ఉంది. కౌంటర్‌లో అమ్మాయి దాన్ని పట్టుకుని చూసి, "అన్నా, ఇది పారబోసి ఇక్కడే కొత్తది ఇవ్వండి. గోలీలేమైనా వాడుతున్నారా?" అంది. షుగర్ గోలీల గురించేమో అనుకుని లేదన్నాను! మూడో రోజు రిపోర్టులో ఏమీ పెరగలేదని వచ్చింది. ఒంట్లో యాంటీబయాటిక్ ఉంటే క్రిములు ఉన్నా కల్చర్‌లో పెరగకపోవచ్చు. పస్ సెల్స్ మాత్రం కనబడుతూనే ఉంటాయి, పైగా రాయి ఒరుసుకున్నా అవి వస్తాయి.

స్కానింగ్‌ది ఇంకో కథ. రాయి లేదన్న మాట ఒక్కటే చదివి సంతోషపడ్డాను. యూరాలజిస్టు మాత్రం కింది లైను మీద వేలు పెట్టాడు: కుడి కిడ్నీలో కొంచెం వాపు. మూత్రం దిగే దారిలో ఎక్కడో అడ్డం ఉందని ప్లెయిన్ సీటీ (రంగు మందు ఎక్కించకుండా తీసే సీటీ స్కాన్) రాశాడు. కిడ్నీ కింది గొట్టంలో 6 మిల్లీమీటర్ల రాయి దొరికింది, రెండు వారాలు మందులు వాడితే పడిపోయింది. రాయి కిడ్నీలో ఉంటే అల్ట్రాసౌండ్‌లో బాగానే తెలుస్తుంది, గొట్టం మధ్యలో ఉంటే పేగుల్లో గ్యాస్ అడ్డమొస్తుంది. ప్లెయిన్ సీటీ నూటికి 95కు పైగా రాళ్లను పట్టేస్తుంది. రేడియేషన్ ఉంటుంది కాబట్టి చీటికీమాటికీ తీయించుకునేది కాదు, గర్భిణులకైతే ముందు అల్ట్రాసౌండే. ఉత్త ఎక్స్‌రేలో యూరిక్ యాసిడ్ రాళ్లు కనబడవు, దాన్ని నమ్ముకోకండి.

మీ నాన్నగారు శాంపిల్ ఇచ్చే ముందు ఏమైనా గోలీలు వేసుకున్నారేమో గట్టిగా అడగండి. కల్చర్ మళ్లీ చేయించాలన్నా నడుస్తున్న కోర్సు మీరే ఆపేయకండి, డాక్టర్‌నే అడగండి. శాంపిల్ ల్యాబ్‌లోనే ఇప్పించండి. శుభ్రంగా కడుక్కుని, మొదటి ధార వదిలేసి నడిమిది పట్టాలి. గోలీలు వాడకపోయినా, రాయి లేకపోయినా పస్ సెల్స్ తగ్గకపోతే టీబీ సంగతి అడగండి, ఆ క్రిమి మామూలు కల్చర్‌లో పెరగదు. ప్రోస్టేట్ (మగవాళ్లకు మూత్రాశయం కింద ఉండే గ్రంథి) కోసం పీఎస్ఏ అనే రక్త పరీక్ష రాసినా ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు అది ఎక్కువ చూపించొచ్చు, కంగారు పడొద్దు.

చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగినా మాత్రం రిపోర్టుల కోసం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. స్కానింగ్ రిపోర్టులో వాపు మాట ఉందో లేదో చూసి ఇక్కడే రాయండి.