విమానం ఎక్కకముందే రిజిస్ట్రేషన్ పూర్తి చేసుకోండి

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. నాన్నగారి స్వార్జితం ఎనిమిదెకరాల మాగాణి ఉంది. ఆయన 2017లో వీలునామా రాయకుండానే పోయారు. సేద్యం అన్నయ్యదే. చెల్లి పెళ్లికి కట్నం ఇచ్చేశాం. నాకు ఆస్ట్రేలియాలో ఉద్యోగం వచ్చింది. ‘ఏం తక్కువైందని పోతావురా’ అని అమ్మ ఏడుస్తోంది. తన వాటా తర్వాత నాకు గిఫ్టుగా రాస్తానంటోంది. అన్నయ్యేమో జీపీఏ (నా తరఫున వ్యవహారాలు చూసే అధికార పత్రం) ఇచ్చి వెళ్లు, పంపకాలు వచ్చాక చూద్దాం అంటున్నాడు. అక్కడి జీతంతో ఇక్కడ ఇంకో రెండెకరాలు కొనాలని నా ఆలోచన. వెళ్లమంటారా, మానమంటారా?

జవాబు: వెళ్లాలో వద్దో తేల్చుకోవాల్సింది మీరు. వెళ్తే మాత్రం పొలం విషయంలో ఏవి చేయలేరో తెలుసుకుని వెళ్లండి. ఉద్యోగం కోసం దేశం దాటిన రోజు నుంచే ఫెమా (విదేశీ మారకద్రవ్య నిర్వహణ) చట్టం దృష్టిలో మీరు విదేశీ నివాసి. భారత పాస్‌పోర్టు ఉన్నా అంతే. ఆపైన వ్యవసాయ భూమిని కొనలేరు, గిఫ్టుగానూ తీసుకోలేరు. ఇప్పటికే ఉన్న భూమిని ఉంచుకోవచ్చు, వారసత్వంగా వచ్చేదాన్ని పొందవచ్చు, ఇక్కడి నివాసికి అమ్మవచ్చు. కాబట్టి అమ్మగారు ఇచ్చేదేదో మీరు బయల్దేరేలోపే రిజిస్టర్డ్ గిఫ్టు డీడ్‌తో ఇవ్వాలి. లేదంటే ఇద్దరు సాక్షులతో వీలునామా రాయాలి. రెండెకరాల ఆలోచన మానుకోండి. ‘డబ్బు పంపి అన్నయ్య పేరున కొంటా’ అంటారేమో, అది బినామీ. బినామీ చట్టం కింద ఏడాది నుంచి ఏడేళ్ల జైలు, భూమి జప్తు. రేపు అన్నయ్య అడ్డం తిరిగినా, అది నా డబ్బుతో కొన్నదని మీరు దావా వేయలేరు.

చెల్లెలి సంగతి ఒక్క వాక్యంతో తేల్చేశారు. ఇది తప్పు. కట్నం వాటాకు బదులు కాదు. స్వార్జితం గనుక అమ్మ, మీరిద్దరు అన్నదమ్ములు, చెల్లి, తలా రెండెకరాలు. ఆమెను వదిలేసి రాసుకున్న పంపకం ఆమెను కట్టడి చేయదు, దాన్ని కోర్టు తిరగదోడుతుంది. ఆమె నిజంగా వద్దంటే రిజిస్టర్డ్ హక్కు విడుదల దస్తావేజు రాయించండి, అదీ ఇప్పుడే. పెద్దమనుషుల ముందు తెల్లకాగితం మీద రాసుకున్న పంపకాన్ని రిజిస్ట్రేషన్ లేకపోతే కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. నలుగురూ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి, సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు, గట్టు, కాలవ బోదె ఎవరి భాగంలోకి వస్తాయో రాసిన పంపక దస్తావేజు చేసుకోండి. మ్యుటేషన్ (రెవెన్యూ రికార్డుల్లో పేరు మార్పు) అయ్యాక 1బీ, అడంగల్‌లో మీ పేరు చూసుకుని మరీ బయల్దేరండి.

అన్నయ్య అడిగే జీపీఏలో అమ్మకం, తాకట్టు అధికారాలు ఉంటే సంతకం పెట్టొద్దు. కౌలుకివ్వడం, నీటి తీరువా కట్టడం, ఆఫీసుల్లో హాజరవడం, ఇంతవరకే ఇవ్వండి. అక్కడికి వెళ్లాక రాయాల్సి వస్తే భారత కాన్సులేట్‌లో సంతకం చేయాలి. ఆ పత్రం ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు వేయించాలి.

ఇక గడువు. అన్నయ్య సేద్యం చేసినంత మాత్రాన మీ హక్కు పోదు. కానీ ‘నీకిక్కడ ఏమీ లేదు’ అని బాహాటంగా అనుభవించడం మొదలుపెడితే, ఆ నాటి నుంచి 12 ఏళ్లలోపు మీరు దావా వేయాలి. విదేశంలో ఉంటే గడువు ఆగుతుందని చాలామంది నమ్ముతారు. లిమిటేషన్ చట్టం సెక్షన్ 15(5) మినహాయించేది ప్రతివాది దేశంలో లేని కాలాన్ని మాత్రమే. వాది లేని కాలం లెక్కలోకి వస్తూనే ఉంటుంది.

అందుకే కౌలు డబ్బు చేతికి తీసుకోకండి. ఉన్న బ్యాంకు ఖాతాను ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా (విదేశాల్లో ఉండేవారు ఇక్కడి ఆదాయం జమ చేసుకునే ఖాతా) మార్పించి, అన్నయ్య ఏటా అందులోనే వేసేలా, వివరాల్లో ‘కౌలు’ అని రాసేలా చూడండి. మీ హక్కును ఆయన ఒప్పుకుంటున్నట్టు ఏటా ఒక సాక్ష్యం తయారవుతుంది. ఏడాదికోసారి ఈసీ (భూమిపై రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) కూడా తీయించండి.