టెక్ సందేహాలు: ల్యాప్‌టాప్‌లో మోగిన అలారం తోటలో ఎందుకు మోగలేదు?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం సొంతంగా యాప్‌లు చేస్తున్నవాళ్లవే. అందరి గోడూ దాదాపు ఒకటే: కంప్యూటర్‌లో బ్రహ్మాండంగా నడిచింది, ఫోన్లో వేస్తే మొరాయిస్తోంది.

ప్రశ్న: మాది అనంతపురం. చీనీ తోటలున్న మా బంధువుల కోసం, మోటారుకు త్రీఫేజ్ కరెంటు వచ్చే వేళకు కాస్త ముందుగా మోగే అలారం యాప్ చేశాను. ఆండ్రాయిడ్ స్టూడియో ఎమ్యులేటర్‌లో (కంప్యూటర్ లోపలే నడిచే ఉత్తుత్తి ఫోన్‌లో) వారం రోజులు చూశాను, ఒక్కసారీ తప్పలేదు. మా చిన్నాయన ఫోన్లో వేస్తే మొదటి రోజు మోగింది, ఆ తర్వాత మోగనే లేదు. కోడ్‌లో తప్పెక్కడుంది సార్?

జవాబు: తప్పు కోడ్‌లోనే ఉండొచ్చు. కానీ అది బయటపడే పరిస్థితి మీ ఎమ్యులేటర్‌కు రానేలేదు. దాన్ని తెరిచి పైన బ్యాటరీ గుర్తు చూడండి. మీరు పనిగట్టుకుని మార్చకపోతే అది ఎప్పుడూ ఛార్జింగ్‌లోనే ఉంటుంది. ఆండ్రాయిడ్ 6 నుంచి డోజ్ అనే ఏర్పాటు ఉంది. ఛార్జర్ తీసేసి, స్క్రీన్ ఆపేసి, ఫోన్‌ను కదలకుండా ఒకచోట పెడితే కాసేపటికి సిస్టమ్ నిద్రపోతుంది, మామూలు అలారాలను వాయిదా వేస్తుంది. ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్ డోజ్‌లోకి వెళ్లదు. అంటే ఆ వారం రోజులూ మీరు పరీక్షించింది ఛార్జర్ తీయని ఫోన్‌ను. మీ చిన్నాయన ఫోన్ రాత్రంతా గూట్లో పడి ఉంటుంది.

రెండో సంగతి రీస్టార్ట్. ఫోన్ ఆగి మళ్లీ ఆన్ అయితే అంతకుముందు పెట్టిన అలారాలన్నీ చెరిగిపోతాయి. బూట్ అయిన వెంటనే యాప్ వాటిని మళ్లీ పెట్టుకోవాలి. ఎమ్యులేటర్‌ను మూసి తెరిచినా ఇది తెలియదు. క్విక్ బూట్ వల్ల అది ఆగినచోటి నుంచే మొదలవుతుంది కాబట్టి నిజంగా రీస్టార్ట్ అయినట్టు కాదు. తోటలో ఛార్జింగ్ అయిపోయి ఆగిన ఫోన్ సంగతి వేరు. మొదటి రోజు మోగి తర్వాత ఆగిందన్నారు కాబట్టి నా అనుమానం ముందు దీని మీదే.

మూడోది కంపెనీల సొంత పైత్యం. రెడ్‌మీ, వివో, ఒప్పో లాంటి ఫోన్లలో ఆటోస్టార్ట్ అని వేరే అనుమతి ఉంటుంది. అది ఇవ్వకపోతే యాప్ వెనక నడవడం కష్టం. కొన్ని ఫోన్లలో రీసెంట్ యాప్స్ నుంచి తుడిచేస్తే చాలు, ఫోర్స్ స్టాప్ చేసినంత, అంటే యాప్‌ను బలవంతంగా ఆపేసినంత పని అవుతుంది; అలారాలూ పోతాయి. మనవాళ్లకేమో అన్నీ తుడిచేస్తేగానీ ఫోన్ శుభ్రంగా ఉన్నట్టు అనిపించదు. ఎమ్యులేటర్‌లో ఉండేది గూగుల్ ఇచ్చిన ఆండ్రాయిడ్ కాబట్టి ఈ తంటాలేవీ అందులో కనిపించవు.

వీటికి తోడు ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్‌కు అనుమతి అడగాలి. 14లో కొత్తగా వేసిన చాలా యాప్‌లకు కచ్చితమైన వేళకు మోగే అలారం అనుమతి మొదట ఆఫ్‌లోనే ఉంటుంది. కాబట్టి చిన్నాయన ఫోన్లో ఏ వెర్షన్ ఉందో ముందు చూడండి. తర్వాత ఆ ఫోన్‌నే ఒక రాత్రి అడిగి తీసుకోండి. ఛార్జర్ తీసి బల్ల మీద పెట్టి పడుకోండి. మర్నాడు ఒకసారి రీస్టార్ట్ చేసి యాప్ తెరవకుండా వదిలేయండి, ఇంకోసారి రీసెంట్స్‌లో తుడిచేసి చూడండి. అంతసేపు ఆగలేకపోతే ఏడీబీ (కంప్యూటర్ నుంచి ఫోన్‌ను నడిపించే సాధనం) ఆదేశాలతో ఫోన్‌ను బలవంతంగా డోజ్‌లోకి నెట్టొచ్చు. అయినా ఒక రాత్రి వదిలేసి చూడటంలో ఉన్న నమ్మకం దాంట్లో రాదు.

ప్రశ్న: కర్నూలులో ఎర్రగడ్డల వ్యాపారుల కోసం బిల్లింగ్ యాప్ చేస్తున్నాను. బ్లూటూత్ ప్రింటర్‌తో బిల్లు రావాలి. పరీక్షించడానికి పదివేలలో ఏ ఫోన్లు కొనమంటారు?

జవాబు: కొనడం తర్వాత. ముందు ఒక పూట మార్కెట్ యార్డుకు వెళ్లి, బిల్లులు రాసేవాళ్ల చేతుల్లో ఏ ఫోన్లున్నాయో చూసి రండి. వాటిల్లో అన్నిటికన్నా బక్కది, రెండు మూడు జీబీ ర్యామ్ ఉన్నది ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకోండి. డబ్బు మిగిలితే వేరే కంపెనీది, వేరే ఆండ్రాయిడ్ వెర్షన్‌ది ఇంకొకటి. ఖరీదైన కొత్త ఫోన్ మీకెందుకూ పనికిరాదు. దాంట్లో అన్నీ నడుస్తాయి.

పాత ఫోన్ కొనేటప్పుడు బ్యాటరీ నీరసంగా ఉన్నా పర్వాలేదు, మన పనికి అదీ ఒక పరీక్షే. టచ్ మాత్రం మూలమూలలా పనిచేయాలి. అమ్మే మనిషి తన గూగుల్ అకౌంట్ తీసేశాకే రీసెట్ చేయించండి. లేకపోతే ఆన్ చేయగానే ఆ పాత అకౌంట్ పాస్‌వర్డ్ అడుగుతూ కూర్చుంటుంది. స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొట్టి ఐఎంఈఐ నంబర్ (ఫోన్ గుర్తింపు సంఖ్య) తీసుకుని, అది దొంగ ఫోన్ కాదని ప్రభుత్వ సంచార్ సాథీలో సరిచూసుకున్నాకే డబ్బులివ్వండి.

ఇక ప్రింటర్. మీ బల్ల మీదున్న ప్రింటర్‌తో ఎమ్యులేటర్ మాట్లాడదు, కాబట్టి ఈ పనికి నిజమైన ఫోన్ తప్పదు. ఆండ్రాయిడ్ 12 నుంచి బ్లూటూత్ స్కాన్‌కూ కనెక్ట్‌కూ అనుమతులు వేరు. అంతకుముందు వెర్షన్లలో స్కాన్‌కు లొకేషన్ అనుమతి కావాలి. రెండు ఫోన్లు కొనమన్నది అందుకే, పన్నెండుకు అటు ఒకటి, ఇటు ఒకటి ఉండేలా చూసుకోండి.

మీరు అడగలేదు గానీ, అసలు ఇబ్బంది తెలుగు దగ్గర వస్తుంది. చవక టూ ఇంచ్ ప్రింటర్లలో చాలావాటికి తెలుగు అక్షరాలే ఉండవు. పేరు అలాగే పంపితే ప్రశ్నార్థకాలో పిచ్చి గీతలో అచ్చవుతాయి. బిల్లు మొత్తాన్ని బొమ్మగా మార్చి పంపాలి. ఆ సైజు ప్రింటర్ వెడల్పు సాధారణంగా 384 చుక్కలు, బొమ్మ దానికి సరిపోవాలి. ఫోన్ తెర మీద కూడా 'ఎర్రగడ్డలు' అని రాసి, సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు బాగా పెంచి చూడండి. లైన్ ఎత్తు బిగించేసిన యాప్‌లలో ర వత్తు, డ వత్తు కింద సగానికి తెగిపోతాయి. షావుకార్లలో పెద్దవయసు వాళ్లు అక్షరాలు పెద్దవి చేసుకునే వాడతారు. పనిలో పనిగా మిట్టమధ్యాహ్నం ఆరుబయట ఒకసారి చూడండి. ఫోన్ వేడెక్కితే వెలుతురు తనంతట తనే తగ్గించుకుంటుంది. లేత బూడిద రంగులో రాసిన బిల్లు సొమ్ము ఆ ఎండలో ఎవరికీ కనిపించదు.

ప్రశ్న: కడపలో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. నా ల్యాప్‌టాప్ 8 జీబీ ర్యామ్. ఎమ్యులేటర్ తెరిస్తే మిషన్ మొత్తం బిగుసుకుపోతోంది. ర్యామ్ పెంచుకోవాలా?

జవాబు: ఇప్పుడే వద్దు, జేబులో ఫోన్ ఉంది కదా. అబౌట్ ఫోన్‌లో బిల్డ్ నంబర్ మీద 7 సార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేయండి, అప్పుడు ల్యాప్‌టాప్ నుంచి నేరుగా ఫోన్లోనే యాప్ వేసి చూడొచ్చు. రెడ్‌మీ అయితే 'ఇన్‌స్టాల్ వయా యూఎస్‌బీ' కూడా. అయినా ల్యాప్‌టాప్‌కు ఫోన్ కనిపించకపోతే డ్రైవర్ల వెంట పడకముందు కేబుల్ మార్చండి. కొన్ని చవక కేబుళ్లు ఛార్జింగ్‌కు మాత్రమే, డేటా పోదు. ఆండ్రాయిడ్ 11, ఆపై వాటికి వైఫైతోనూ కలపొచ్చు.

మీ దగ్గర లేని మోడళ్ల మీద చూడాలంటే ఫైర్‌బేస్ టెస్ట్ ల్యాబ్ ఉంది, గూగుల్ వాళ్ల ఫోన్ల మీద నెట్ ద్వారా యాప్‌ను పరీక్షించే సేవ. ఉచిత ప్లాన్‌లో రోజుకు 5 పరీక్షలు నిజమైన ఫోన్ల మీద, 10 వర్చువల్ వాటి మీద చేసుకోవచ్చు. క్రాష్‌లు పట్టడానికి చాలా మంచిది. అయితే ఆ ఫోన్లు గూగుల్ వాళ్ల డేటా సెంటర్‌లో చక్కటి నెట్ మీద ఉంటాయి. బస్సులో సిగ్నల్ పోతూ వస్తూ ఉంటే మీ యాప్ ఏం చేస్తుందో అవి చెప్పవు; ప్రొద్దుటూరు బస్సెక్కి మీరే చూసుకోవాలి. ఇంకొకటి, స్నేహితులకు ఇచ్చేముందు రిలీజ్ బిల్డ్‌నే (జనానికి ఇచ్చే తుది రూపాన్ని) మీ ఫోన్లో వేసి చూడండి. కోడ్ కుదించేటప్పుడు కావలసింది కూడా ఎగిరిపోయి, డీబగ్‌లో (మీరు రోజూ పరీక్షించే రూపంలో) నడిచినది రిలీజ్‌లో తెరవగానే కూలడం మామూలే.

ప్రశ్న: ప్లే స్టోర్‌లో యాప్ పెట్టాలంటే 20 మంది టెస్టర్లు కావాలంటున్నారు. డబ్బు తీసుకుని టెస్టర్లను ఇచ్చే గ్రూపులు ఉన్నాయట, చేరొచ్చా? (ప్రొద్దుటూరు)

జవాబు: ఆ సంఖ్య ఇప్పుడు 12. 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత అకౌంట్లకు ఈ నిబంధన. ఆ టెస్టర్లు 14 రోజులు వరుసగా టెస్ట్‌లో ఉండాలి. డబ్బు గ్రూపుల జోలికి పోకండి, టెన్షనూ అక్కర్లేదు. మీ యాప్ ఎవరికోసమో వాళ్లలోనే పన్నెండు మందిని, వీలైనన్ని రకాల ఫోన్లు ఉండేలా ఎంచుకోండి. పదిహేను మందిని పెట్టుకుంటే మధ్యలో ఒకరిద్దరు తీసేసినా లెక్క తప్పదు.

ప్రశ్న: మా తమ్ముడు యాప్ పరీక్ష కోసం నా ఫోన్ తీసుకుని ఇచ్చాడు. అప్పటి నుంచి బ్యాంకు యాప్ తెరుచుకోవడం లేదు. (ఆదోని)

జవాబు: యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్‌లోనే వదిలేసి ఉంటాడు. భద్రత కోసం కొన్ని బ్యాంకు యాప్‌లు అది ఉంటే తెరుచుకోవు. డెవలపర్ ఆప్షన్స్‌ను పైనున్న స్విచ్‌తో పూర్తిగా ఆపేసి, బ్యాంకు యాప్‌ను మూసి మళ్లీ తెరవండి. ఈసారి అడిగితే ఫోన్ ఇవ్వండి గానీ, తిరిగి తీసుకునేటప్పుడు ఆ స్విచ్ మీ ముందే ఆపించండి.